కట్టేసినా ఆగని నీళ్ళు

ఏప్రిల్ 2, 2008

నీళ్ళు అమ్ముతామంటూ పొద్దుటినుంచి ముగ్గురు ఫోన్ చేశారు. మొదటివాడితో మర్యాదగానే మాట్లాడాను. రెండోవాణ్ణి, మీ నీళ్ళు ఏ రంగులో ఉంటాయి నాయనా అని అడిగాను. మూడో ఆవిడ ఫక్కున నవ్వింది, అందుకని ఆమెను పూర్తిగా చెప్పనిచ్చాను. నిన్నటినుంచి స్కాట్లండులో ఏ వ్యాపారమైనా లైసెన్సు ఉన్నవాళ్ళలో తనకు నచ్చినవాళ్ళ దగ్గర నీళ్ళు కొనుక్కోవచ్చట. ఇళ్ళకు కాదట, మాలాంటి షాపులకూ కార్ఖానాలకూ మాత్రమేనట. ప్రపంచంలో ఇంకెక్కడా లేదట.

"అయితే మీ పైపు వేరే వేస్తారా?" అన్నాను.

"లేదు మేడం, పైపు అదే."

"నీళ్ళో?"

"అవీ అవే."

"మరి నువ్వేం అమ్ముతావమ్మా?"

"బిల్లు మేడం. మా బిల్లు బాగుంటుంది."

కడుపుబ్బ నవ్వాను. మా అత్తగారు టీనీకి చెబితే ఆవిడ నవ్వలేదు. "రేపు గాలిక్కూడా లైసెన్సిస్తారు, చూస్తూండవే" అని సూప్‌లో బార్లీ పోసింది.

ఏప్రిల్ 9

మరిది డోడ్ ఒక కంపెనీని ఎంచేశాడు. మా ఆయన వాట్ పోయిన దగ్గర్నుంచి ఈ నూలు అద్దకం నాది, కాయితాలూ లెక్కలూ వాడివి. తక్కువకు వస్తుందంటే డోడ్ చెవి కోసుకుంటాడు. "ఊరికే వచ్చేదాన్ని వద్దంటావేంటి వదినా" అంటాడు. వద్దనలేదు. మనకు ఏం మారుతుందని అడిగాను, అంతే. కంపెనీ మారాలంటే ముందు మా మీటరు మాదేనని ఎవరో వచ్చి చూడాలట.

ఏప్రిల్ 15

పడుకునే వేళ దాటింది. అయినా రాస్తాను.

పైపుల కంపెనీనుంచి గిల్‌క్రిస్ట్ అనే ఆయన వచ్చాడు. ఫైఫ్ వైపు మనిషి, నిదానం. మీటరు ఎవరిదో తేల్చడానికి వీళ్ళ పద్ధతి ఒకటే. పేవ్‌మెంటు మీది మూత తీసి, పొడుగాటి తాళంతో వాల్వు కట్టేసి, ఎవరి కుళాయి ఆగిందో చూడటం. కట్టేశాడు. నేను లోపల పెద్ద తొట్టి కుళాయి దగ్గర నిలబడ్డాను.

ఆగలేదు.

"ఆగిందామ్మా?" అని బయటినుంచి కేక.

"లేదు!"

"ఇప్పుడు?"

"అబ్బే, నిండుగా వస్తోంది!"

ఈలోగా ఎదురు వీధిలోంచి బూతులు. రగ్బీ క్లబ్బు తలుపు భడాలున తెరుచుకుని తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు రోడ్డు మీదకు వచ్చేశాడు, తలనిండా సబ్బునురగ, కళ్ళు మూసుకుని చేతులు చాపుకుంటూ. మా డోడే. ప్రాక్టీసు ముగించి స్నానానికి దిగాడట. "నీళ్ళు కట్టేసిన వెధవెవడ్రా?" అంటూ గిల్‌క్రిస్ట్ గారి మీదకే నడిచాడు. అద్దకంలో పనిచేసే ఆడవాళ్ళందరం కిటికీ దగ్గర విరగబడి నవ్వాం. అంటే మేము ఇన్నాళ్ళూ బిల్లు కడుతున్న మీటరు క్లబ్బుదన్నమాట. ఆ దున్నపోతుల ఒళ్ళు తోమించింది మేమేనన్నమాట.

నవ్వు ఆగాక వెనక్కి తిరిగితే కుళాయి ఇంకా పారుతోంది. గిల్‌క్రిస్ట్ గారు లోపలికి వచ్చి, టోపీ తీసి, ఆ ధార కింద చెయ్యి పెట్టాడు. మళ్ళీ వీధిలోకి పోయి మా గోడ పక్కన ఉన్న వాల్వులన్నీ కట్టేశాడు. వచ్చాడు. ధార సన్నబడను కూడా లేదు.

"ఇవి మా నీళ్ళు కావమ్మా" అన్నాడు.

"మరెక్కణ్ణుంచి వస్తున్నాయండీ?"

"నన్నడిగితే?"

పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఈ అద్దకంలోకి వచ్చాను. ఇదే కుళాయి తిప్పాను, ఇదే నీళ్ళతో టీ కాచుకున్నాను. ఒక్కసారి కూడా ఎక్కణ్ణుంచి అని అడగలేదు. ఇవాళ ఆ ధార చూస్తూ నిలబడిపోయాను. ఎవరూ పంపకుండా వస్తోంది.

ఏప్రిల్ 16

ఇంకో పైపు ఉండి ఉంటుంది. అంతే.

ఏప్రిల్ 18

ఇంకో పైపే. పాతకాలపు మునిసిపాలిటీ పైపు ఏదో మర్చిపోయి ఉంటారు. గిల్‌క్రిస్ట్ గారు వెతుకుతాడు, దొరుకుతుంది.

అయినా క్లబ్బునుంచి రెండు బకెట్లు అసలు కంపెనీ నీళ్ళు పట్టించి, ఒక చుట్ట నూలుకు, చిలప అంటాం, ఆ నీళ్ళతో మన నీలం వేశాను. ఊరికే చూద్దామని. అదే రంగు, అదే తూకం, అదే వేడి. బయటికి తీస్తే తడిసిన పలకలా ఉంది. టీనీ అత్తయ్య వేళ్ళమధ్య నలిపి చూసి, "ఇది వాట్ వాళ్ళ నాన్న చూస్తే కాలవలో పారేసేవాడు" అంది. నేత మిల్లువాళ్ళు మా టెల్ఫర్ ఇంటి నీలం కోసమే మా దగ్గరకు వస్తారు. అది లేకపోతే మమ్మల్ని పలకరించేవాడు ఉండడు. పన్నెండుమంది ఆడవాళ్ళు ఇక్కడ పనిచేస్తున్నారు.

ఆ చిలప స్టవ్వులో వేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

మే 6

గిల్‌క్రిస్ట్ గారు ఫోన్ చేశాడు. పాత పటాలన్నీ తిరగేశాడట. ఇంకో పైపు లేదు.

"మీ ఊరి పైనున్న గుట్టనుంచి వస్తున్నాయనుకుంటున్నానమ్మా. ఊటో, కాలవో. అలా అయితే నదుల ఆఫీసు అనుమతి కావాలి మీకు."

"లేకపోతే?"

"మూయిస్తారు. ఎక్కడినుంచి వస్తోందో తెలియని నీళ్ళకు అనుమతి ఎవరిస్తారు చెప్పండి? జూన్ ఇరవై నాలుగున ఆ ఆఫీసావిణ్ణి వెంటబెట్టుకుని వస్తాను. ఈలోపు మీకేమన్నా తెలిస్తే నాకు చెప్పండి. అందాకా ఏ కంపెనీకీ సంతకం పెట్టకండి."

మంచివాడే. మంచివాడు కావటంవల్లే భయంగా ఉంది.

నీళ్ళమ్మే ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకొంచెం తగ్గిస్తారట.

మే 20

డోడ్ సవారీ కమిటీ మీటింగునుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏటా జూన్‌లో మగవాళ్ళు గుర్రాలమీద ఊరి హద్దులు చుట్టే సవారీ, వచ్చే ఏడాదినుంచి మా కారిఫ్ గుట్ట ఎక్కదట. బీమా కంపెనీ ఒప్పుకోవటం లేదట, పోయినసారి బురదలో గుర్రం కాలు విరిగిందని. రోడ్డుమీదుగానే ఊరి హద్దులు చుట్టి వచ్చేస్తారట. ఈ ఏడే ఆఖరు.

"గుట్టచెవి దగ్గర మట్టిగడ్డ కోయకుండా సవారీ ఏంటి వదినా? మా తాత కోశాడు, మా నాన్న కోశాడు, వాట్ కోశాడు, నేను కోశాను."

"అయితే ఏమైంది? ఒక మట్టిపెళ్ళ తక్కువ కోస్తారు. మోకాళ్ళదాకా బురదైన ఆ తెల్ల ప్యాంట్లు ఉతికే పీడ మాకు విరగడవుతుంది" అన్నాను.

వాడికి నిజంగా కోపం వచ్చింది. టీ తాగకుండా పోయాడు.

గుట్టచెవి అంటారు గానీ, ఆ చోటు గుట్టమీద ఎక్కడుందో నాకు తెలియదు. ఆడవాళ్ళం ఎక్కం. కింద పచ్చికలో బుట్టలు పెట్టుకుని కూర్చుంటాం. పైన గడ్డ కోసి కొమ్ము ఊదుతారు, అది వినబడగానే రమ్ము కలిపిన పాలు గ్లాసుల్లో పోయటం మొదలుపెడతాం. మా పని అది.

జూన్ 10

మిల్లువాళ్ళకు సోమవారానికల్లా నీలం కావాలట. అంటే సవారీ రోజున పని చెయ్యాలి. సవారీ రోజున మా ఊరు ఆల్డ్‌షాలో కుక్క కూడా పని చెయ్యదు. పనిచేసే ఆడపిల్లల్ని రమ్మనను. నేనూ అత్తయ్యా చూసుకుంటాం. ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. వేసుకోనీ.

జూన్ 13

నిదానంగా రాయాలి. జరిగింది జరిగినట్టు.

పొద్దున్నే గుర్రాలన్నీ మా కిటికీ కిందనుంచే వెళ్ళాయి. డోడ్ తలెత్తి, "సిగ్గులేదా వదినా, ఈ రోజున కూడానా?" అని అరిచాడు. టీనీ అత్తయ్య కిటికీలోంచి గరిటె చూపించింది. తర్వాత ఊరు ఖాళీ అయిపోయింది. ఇంత నిశ్శబ్దంగా అద్దకం ఎప్పుడూ లేదు.

నీలం చిలపలు తొట్టిలోంచి తీసి కడుగుతున్నాం. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. దూరంగా గుట్టమీద కొమ్ము ఊదారు. "పాలు పోస్తుంటారు" అంది అత్తయ్య, కొంచెం దిగులుగా. ఇద్దరం ఆగి టీ పోసుకున్నాం. ఆ టీ తాగటం అయిందో లేదో, కుళాయి సన్నబడింది. దారంలా అయింది. ఆగిపోయింది.

మూయించేశారనుకున్నాను, చెప్పకుండానే, సవారీ రోజున. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడు గోడలోంచి చప్పుడు. పెద్ద జంతువేదో నిద్రలో గొంతు సవరించుకున్నట్టు. కుళాయి దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఒక్కసారిగా నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఎర్రగా, టీ డికాషన్ రంగులో, నాచు ముక్కలతో. "చిలపలే! చిలపలు తియ్యవే!" అని అత్తయ్య అరిచింది. ఇద్దరం గుంజి అవతల పడేశాం. ఎర్రనీళ్ళు తొట్టి నిండి నేలమీదకు పారాయి. ఆ తర్వాత కళ్ళముందే తేటబడటం మొదలుపెట్టాయి. తేనె రంగు, గడ్డి రంగు, తర్వాత ఏ రంగూ లేదు. చెయ్యి పెడితే ఎముకలు కొరికేంత చల్లగా, నిన్నటికి రెట్టింపు జోరుతో.

ఇద్దరం తడిసి ముద్దయి నిలబడ్డాం.

"కొమ్ము ఊదారు కదే" అంది అత్తయ్య చివరికి, చాలా మెల్లగా. "కొమ్ము ఊదాక వచ్చింది."

అవును. గడ్డ కోశారు, కొమ్ము ఊదారు, నీళ్ళు వచ్చాయి. ప్రతి ఏడూ వచ్చి ఉంటాయి. ప్రతి ఏడూ ఈ రోజున అద్దకానికి తాళం, చూసేవాళ్ళు లేరు. గడ్డ కోసే మగవాళ్ళు ఆ రోజున కుళాయి ముట్టుకోరు. కుళాయి తిప్పే ఆడవాళ్ళం గుట్ట ఎక్కం. ఎన్ని తరాలు? దేవుడా, ఎన్ని తరాలు?

సాయంత్రం డోడ్ తూలుతూ వచ్చాడు, మోకాళ్ళదాకా బురద. గడ్డ కోశాక ఏం చేస్తారని అడిగాను, మామూలుగా అడిగినట్టు. "ఏముంది? పెళ్ళ పక్కకు దొర్లించి, కింద అందినంత మట్టి చేత్తో తోడి పారేస్తాం. బురదబురదగా ఉంటుంది. సవారీ ముందు నడిచే కార్నెట్ అందులో బూటు ముంచుతాడు. నేల మనదని చూపించుకోటానికి." 

"అంతేనా?"

"అంతే. ఎందుకూ?"

"ఏం లేదు. ప్యాంటు విప్పి అక్కడ పడెయ్, నానబెడతాను."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు.

జూన్ 14

2001. గాలికుంటు వచ్చి పశువుల్నీ గుర్రాల్నీ గుట్టలమీదకు పోనివ్వలేదు. ఆ ఏడు సవారీ లేదు. ఆ ఏడు ఎండాకాలం చివరికల్లా కుళాయి సగానికి పడిపోయి, నీళ్ళు ఎర్రబడి, నీలం మూడు తొట్లు పాడైపోయింది. వాట్ తలుపు దగ్గర నిలబడి కంపెనీవాళ్ళను నానా మాటలూ అన్నాడు. పాపం ఆ కంపెనీ.

జూన్ 15

రేపు డోడ్‌కి చెబుతాను.

జూన్ 16

మిల్లుకు నీలం పంపించాం. చాలా బాగుందన్నారు. డోడ్ ఊళ్ళో లేడు.

(ఉన్నాడు. క్లబ్బులో ఉన్నాడు.)

ఆలోచిస్తే చెప్పాల్సిన అవసరం ఏముంది? చెబితే పదిమందికీ తెలుస్తుంది, గిల్‌క్రిస్ట్ గారికీ తెలుస్తుంది, అనుమతి లేని నీళ్ళని మూసేస్తారు. చెప్పకపోతే ఎక్కణ్ణుంచో వస్తున్నాయి, మాకేం తెలుసు? వచ్చే ఏడు సవారీ రాకపోతే నేనే పోయి ఆ గడ్డ కోసుకుంటాను. ఒక్క మట్టిపెళ్ళ. పార ఎత్తలేనా?

జూన్ 18

గుట్ట ఎక్కాను. పార పట్టుకుని, వాట్ బూట్లు వేసుకుని, గొర్రెల బాటమీదుగా. ఎవరైనా అడిగితే నాచు కోసం అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

గుర్రాల అడుగులే దారి చూపించాయి. అవి ఒక వంపులోకి దిగాయి. అక్కడ కోసిన చోటు తెరిచిన నోరులా ఉంది. పక్కన పడి ఉన్న పెళ్ళ చూశాను. తలుపంత ఉంది. పార దాని కిందకు పెట్టి ఎత్తి చూశాను, వేలెడు కూడా కదల్లేదు. దాన్ని కోసి దొర్లించాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి, అదీ బాగా తిన్నవాళ్ళు.

మోకాళ్ళమీద కూర్చుని గుంటలోకి చూశాను. నీళ్ళ కింద రాయి ఉంది. మామూలు రాయి కాదు, చెక్కిన రాయి. గుండ్రంగా తిరిగిన కమాను, అంచులు నున్నగా అరిగిపోయి. ఎవరో కూర్చుని ఉలితో చెక్కారు. ఎప్పుడో, ఎవరో, పేరు లేనివాళ్ళు. నీళ్ళు దాన్లోంచి కొండలోపలికి, కిందికి, మా ఇంటివైపు పోతున్నాయి. వంగి చెవి పెట్టాను. లోపల లోతుగా ఒక మూలుగు, ఆగకుండా. అది మాటలకు అందేది కాదు. నేనక్కడ పడి ఏడ్చాను. భయంతో కాదు. ఇంత పెద్దది ఇన్నాళ్ళూ నా చేతిమీదుగా పారుతుంటే, నూలు ముంచుకుంటూ కూర్చున్నానే అని.

దిగి వస్తుంటే తెలిసింది, ఇది నా ఒక్కదానివల్ల కాదు. ఏ ఒక్కరివల్లా కాదు. అందుకే కాబోలు సవారీ.

జూన్ 20

కమిటీ మీటింగుకు వెళ్ళాను. ఆడవాళ్ళు వెళ్ళరు. వెళ్ళాను. టీనీ అత్తయ్య కూడా వచ్చింది, చేతికర్రతో.

చెప్పాను, అంతా. క్లబ్బు వాల్వు దగ్గర మొదలుపెట్టి. డోడ్ మధ్యలోనే లేచాడు. "వదినా, ఏం చేస్తున్నావు నువ్వు? ఇరవై నాలుగో తారీకున వాళ్ళొస్తున్నారు. ఈ మాట బయటికి పొక్కితే అద్దకం మూతే! నోరు మూసుకుని ఉండలేవా?"

"నోరు మూసుకుంటే వచ్చే ఏడు గుట్ట నోరు మూసుకుపోతుందిరా. రెండు విధాలా మూతే. కనీసం మీకు తెలిసి మూతపడనీ."

వీళ్ళందరూ గడ్డ కోసినవాళ్ళే. ఒక్కొక్కడూ తన చేతులవైపు చూసుకోవడం చూశాను. ముసలి ఆర్చీ, మొన్నటిదాకా కార్నెట్ల గుర్రాలకు లాడాలు వేసినవాడు, "అయితే నేను తోడింది ఊరికే బురద కాదన్నమాట" అన్నాడు.

అత్తయ్య కర్ర నేలమీద కొట్టింది. "మీరు మీ నేలకోసం కోశారు. మేము మీ నీళ్ళతో బతికాం. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు, దద్దమ్మలం. ఇక ఇళ్ళకు పదండి, అన్నం వేళయింది."

డోడ్ నాతో మాట్లాడటం లేదు.

జూన్ 23

గిల్‌క్రిస్ట్ గారికి ఫోన్ చేసి ఎక్కణ్ణుంచో చెప్పేశాను. "గట్టి బూట్లు తెచ్చుకుంటానమ్మా" అన్నాడు.

జూన్ 24

ఇద్దరే వస్తారనుకున్నాను. కారు గుట్ట కింద ఆగేసరికి ఊరు ఊరంతా ఉంది. గుర్రాలు లేవు, అందరూ నడిచే. మా పన్నెండుమంది ఆప్రన్లతోనే వచ్చేశారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. ఆడవాళ్ళం మగవాళ్ళతో కలిసి కారిఫ్ ఎక్కుతుంటే ఆర్చీ మా అత్తయ్యకు చెయ్యి అందించాడు.

నదుల ఆఫీసు ఆవిడ అబర్డీన్ మనిషి, పొడుగ్గా, కొంచెం కటువుగా. కమాను చూసి కటువు తగ్గింది. గిల్‌క్రిస్ట్ గారైతే టోపీ తీసి, బురదలో బోర్లా పడుకుని, లైటు వేసి లోపలికి చూసి, లేవటం మర్చిపోయాడు. "ముప్ఫై ఏళ్ళు పైపులు వేశానమ్మా" అన్నాడు, ఎవరికో. "ఇలాంటిది ఒక్కటి వెయ్యలేదు."

ఆవిడ గుట్టనుంచి దిగే వాగు కొలిచింది, అద్దకంనుంచి బయటికి వచ్చే నీళ్ళు అదే వాగులో కలిసేచోటు కిందికి పోయి చూసి వచ్చింది. తోడుకున్నది దాదాపు తిరిగి అక్కడే కలుస్తోంది కాబట్టి వాగు ఎండదు అంది. అప్పుడు మా అందరివైపు తిరిగింది.

"అనుమతి ఇవ్వటానికి అడ్డు నీళ్ళు కాదు. ఈ నోరు. ఏటా తెరవకపోతే పూడుకుని, గుట్ట ఇంకోచోట పగిలి కింది పొలాలమీద పడుతుంది. ఒక్క అద్దకం ఆవిడ దీన్ని తెరవలేదని నాకే కనబడుతోంది. ఇక్కడ నాకు రాసుకోటానికి దీనికి జవాబుదారీ వహించేవాళ్ళ పేరు కావాలి. వచ్చే ఏడే కాదు, ఆ తర్వాత, ఆ తర్వాత కూడా. ఎవరూ లేకపోతే ఇవాళే మూయించక తప్పదు."

డోడ్ వైపు చూశాను. తల దించుకున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. బీమా, రోడ్డు, కమిటీ తీర్మానం, అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. పోయిందనుకున్నాను. అద్దకం పిల్లలు పన్నెండుమందీ నా వెనక ఉన్నారు, తిరిగి చూడలేకపోయాను.

ఆవిడ కలం తీసి, ఆఫీసుల్లో అడిగినట్టే, కాయితంలోకి చూస్తూ అడిగింది.

"చెప్పండి. ఇది ఎవరిది?"

ఆమెకు తెలియదు పాపం. సవారీలో ఏటా ప్రతి హద్దురాయి దగ్గరా దండోరావాడు అడిగేది ఇదే మాట. బజారులో మొదటి రాయి దగ్గరైతే చంకలో పిల్లలున్న తల్లులం కూడా వినేవాళ్ళం. నడక రానివాళ్ళు కూడా దానికి జవాబు చెప్పటం నేర్చుకునే ఊరు ఇది.

"మాది!"

గుట్ట అదిరింది. గొర్రెలు చెదిరి పరుగు పెట్టాయి. ఆవిడ చేతిలో కలం కిందపడింది. డోడ్ మొహం ఎర్రగా కంది, మెడనరాలు లేచి ఉన్నాయి, అందరికంటే పెద్దగా అరిచింది వాడే. ఆర్చీ ఏడుస్తున్నాడు. కిందినుంచి నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది.

గిల్‌క్రిస్ట్ గారు బురదలోంచి కలం తీసి, తుడిచి, ఆవిడ చేతికిచ్చాడు. "రాసుకోండి మేడం" అన్నాడు. "ఆల్డ్‌షా ఊరు. ఏటా జూన్‌లో."

ఆవిడ రాసుకుంది.

నేనూ అరిచానని ఇంటికొచ్చాక గొంతు మండితే గానీ తెలియలేదు.